గాలిపేటలో కజ్జికాయల తూకం

డిసెంబరు 2

ఈ పొద్దున దోసె గుండ్రంగా రాలేదు. పెనం మీద పిండి పోసీ పొయ్యగానే తూర్పు వైపుకి జారిపోయింది. అంటే గాలిలో వేలాడే మా వరస ఇళ్ళు అప్పుడే తూర్పుకి వంగాయన్నమాట. తూర్పు చివర ఇల్లు అచ్చియ్యమ్మది. క్రిస్మస్ ఇంకా మూడు వారాలుందనగా ఆవిడ బెల్లం దిమ్మలు తెప్పించి అటక మీద పేర్చేసింది. ఆవిడ హిందువు కదా, క్రిస్మస్‌తో ఆవిడకేం పని అంటారేమో. గాలిపేటలో పండగ ఎవరిదైనా పిండివంటలు అందరివీ.

వసారాలోకి వెళ్ళి కేకేశాను. "అచ్చియ్యమ్మా, ఆ బెల్లం కాస్త ఇటు జరుపుతావా? నా దోసె నీ ఇంటికి వచ్చేటట్టుంది."

"రానీ దయామణీ, తినిపెడతాను" అంది.

ఇంటికొక దినచర్య రాయాలని తూకం కమిటీ నియమం. ఇంట్లోకి ఏం వచ్చింది, ఏం పోయింది, ఎవరు ఎంత పెరిగారు, అంతవరకే రాయాలట. నాకు అంతవరకే రాయడం చేతకాదు. చదివేవాళ్ళకి ఓపిక లేకపోతే పేజీ తిప్పుకోవచ్చు.

వచ్చినవి: మైదా, ఎండుకొబ్బరి, చక్కెర, నూనె. పోయినవి: హెప్సిబా తీసి పారేసిన పాత మంచం కోళ్ళు. పెరిగినవాళ్ళు: నేను. ఎంతో రాయను.

డిసెంబరు 5

మా అమ్మాయి హెప్సిబా గాలి ఆఫీసులో పని చేస్తుంది. ఏ గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పే ఉద్యోగం. పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచి ఇంట్లో గాలి ఎటు తిరగాలో కూడా తనే చెప్తోంది. రాత్రిపూట అన్నం లేదు. నూనె లేదు. ఉడకబెట్టిన సొరకాయ ముక్కలు, పైన కాస్త మిరియాలపొడి. ఆ ముక్కల మొహం చూస్తుంటే నాకు జ్వరం వచ్చి తగ్గినట్టు ఉంటోంది.

పాపం, దాని భయం దానిది. ఈ నెల ఇరవై మూడున ఇళ్ళ తూకం. మా ఇళ్ళన్నీ గ్యాసు సంచులకు తాళ్ళతో వేలాడేవే కదా, పై తాడుకి కాటా తగిలించి ఇంటిని ఇల్లుగా తూస్తారు. గోడలు, గిన్నెలు, మనుషులు అన్నీ కలిపి. మాకిచ్చిన హద్దు తొమ్మిది వందల కిలోలు. ఆ రోజు కాబోయే అల్లుడు విల్సన్‌ని కూడా ఇంట్లో నిలబెట్టి తూస్తారు. హద్దులో ఉంటే అతని పేరు మా ఇంటి మీద ఎక్కుతుంది, జనవరి మొదటి వారంలో పెళ్ళి. దాటితే పేరు ఎక్కదు. ఏ ఇంటి మీదా పేరు లేని కుర్రాళ్ళందరూ ఉండే హాస్టలు కొత్త సంవత్సరం రాగానే తాడు విప్పుకుని దక్షిణపు పేటకు వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆ గాలి ఇటు తిరగడానికి మూడేళ్ళు పడుతుందట. ఆ మాట చెప్పింది ఎవరో కాదు, గాలి ఆఫీసులో కూర్చుని హెప్సిబాయే లెక్క కట్టింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది.

"అమ్మా, నువ్వొక్క నాలుగు కిలోలు తగ్గితే చాలే" అంది ఇవాళ.

"ఈ ఒళ్ళు యాభై ఎనిమిదేళ్ళుగా నాతో కాపరం చేస్తోంది. నిన్నగాక మొన్న వచ్చిన అల్లుడి కోసం దాన్ని బయటికి పంపించమంటావా?"

"పండక్కి పిండివంటలైనా మానేద్దాం."

ఆ మాటకి మాత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది. పెళ్ళి పెట్టుకున్న ఇల్లు పండక్కి నలుగురికీ పళ్ళేలు పంపకపోతే, పీనాసిది అన్న పేరు పిల్ల కాపరానికి వెళ్ళినా పోదు. ఇక్కడ పిల్ల ఎక్కడికీ వెళ్ళదు, కాపరమే మా ఇంటికి వస్తోంది. అయినా సరే.

డిసెంబరు 9

పైన సంచుల్లో గ్యాసు నిప్పును చూస్తే ఊరుకోదు కాబట్టి ఇళ్ళల్లో కరెంటు పొయ్యిలే. అవి దోసెలకి సరిపోతాయి, మూకుడు కాగడానికి సరిపోవు. వేపుడు వంటలకు అందరం బుట్టలో కూర్చుని, పేటకు బాగా కిందగా వేలాడే పెద్ద వంటశాలకు దిగాలి. దిగితే అక్కడ చూడాలి సంబరం. ఒక పొయ్యి మీద అరిసెలు, ఒక పొయ్యి మీద జంతికలు, ఇంకో పక్క ఓవెన్ ముందు కేకు పిండి గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళ వరస.

నేనూ, ఎదురింటి ఖుర్షీదూ ఒక మూకుడు పంచుకున్నాం. ఆమె గులాబీ పువ్వులు వేస్తోంది. ఇనప అచ్చు నూనెలో కాచి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి విదిలిస్తే పువ్వు ఊడి తేలుతుంది. నేను కజ్జికాయలు ఒత్తాను. మొదటి వాయి రుచి చూడాలి కదా, చూశాను. రెండో వాయిలో చక్కెర సరిపోయిందో లేదోనని అనుమానం వచ్చింది.

"అక్కా, నాలుగోసారి చూస్తున్నావు" అంది ఖుర్షీద్.

"రుచి చూడటం తినడం కిందికి రాదే."

"నీ నడుం కిందికి వస్తుందిగా."

అక్కడే నా మనసులో ఒక లెక్క తిరిగింది. ఈ కజ్జికాయల్ని డబ్బాలో దాచినా బరువు మా ఇంటిదే. తిన్నా బరువు మా ఇంటిదే. డబ్బాలో ఉన్నంత మాత్రాన కాటాకి కనపడకుండా పోతాయా? అంచేత డబ్బాలో పెట్టి బాధపడేకంటే పొట్టలో పెట్టి సంతోషపడటం నయం. ఈ మాట హెప్సిబాకి చెప్తే అది నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

వచ్చినవి: మూడు డబ్బాల కజ్జికాయలు, ఒక డబ్బా గులాబీ పువ్వులు, నాలుగు కేకులు. పోయినవి: ఏమీ లేవు.

డిసెంబరు 13

విల్సన్ వచ్చాడు. సంచులకు గ్యాసు కొట్టే పంపు దగ్గర పని చేస్తాడు. నెమ్మదస్తుడు, ఎవరు ఏమన్నా కాదనడు. ఆ గుణం చూసే నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ గుణమే మా ప్రాణం మీదికి తెచ్చింది.

హెప్సిబా అతన్ని గుమ్మంలోనే ఆపి చిన్న కాటా మీద నిలబెట్టింది. పెళ్ళి మాటలప్పుడు డెబ్భై కిలోలున్న మనిషి డెబ్భై నాలుగున్నాడు.

"ఎక్కడ తిన్నావు?" అని అడిగింది. పోలీసువాళ్ళు కూడా అలా అడగరు.

"సోమవారం అచ్చియ్యమ్మగారు పిలిచారు. కొత్త అల్లుడివి, రాకపోతే ఎలా అన్నారు. మంగళవారం ఖుర్షీద్ పిన్ని. బుధవారం ఆ పక్కవాళ్ళు, వాళ్ళకి నేను ఏమవుతానో నాకు తెలీదు."

"వద్దనలేవా?"

"రెండుసార్లు అన్నాను. మొహమాటపడుతున్నావా బాబూ అని ఇంకో గరిటె వేశారు."

అతను అబద్ధం ఆడలేదు. కొత్త అల్లుణ్ణి పిలిచి కుక్కి పెట్టకపోతే మా పేటలో ఎవరికీ నిద్ర పట్టదు. నేనూ ఎందరు అల్లుళ్ళకి అలా పెట్టానో. వాళ్ళ అత్తగార్లు నన్ను ఎంత తిట్టుకున్నారో ఇప్పుడు తెలుస్తోంది.

విల్సన్ మా ఇంట్లో మంచినీళ్ళు మాత్రం తాగి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ డబ్బాల వైపు చూశాడు. కాబోయే అల్లుడికి ఒక్క కజ్జికాయ పెట్టుకోలేని అత్తనయ్యానే అనుకుంటూ డబ్బాల మూతలు బిగించాను.

డిసెంబరు 16

తూకానికి ఏ ఇల్లు ముందో ఏ ఇల్లు వెనకో ఇవాళ చీటీలు తీశారు. తీసినవాడు గురునాథం. తూకం కమిటీలో కాటా చదివేది ఆయనే. వెదురుబొంగంత మనిషి, చలికైనా ఎండకైనా మోకాళ్ళ దాకా ఖాకీ కోటు. చీటీలు తీసే ముందు ఉపన్యాసం ఇవ్వకుండా ఉండడు.

"నాలుకని అదుపులో పెట్టుకోలేనివాళ్ళు పేటని పైన ఎలా నిలబెడతారమ్మా? నన్ను చూడండి. పదేళ్ళయింది తీపి ముట్టి."

ముట్టినట్టు లేడనే అందరం ఒప్పుకున్నాం. తూకం రోజు పొద్దున ఆయన్ని అందరి ముందూ తూసి, ఆ బరువు కోటు మీద అంటిస్తారు. ఏ ఇంట్లో నిలబడి కాటా చదివినా ఆ బరువు ఆ ఇంటి లెక్కలోంచి తీసేస్తారు.

మా ఇంటి చీటీ అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. హెప్సిబా మొహం వాడిపోయింది గాని నాకు మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆఖరైతే ఏమిటి? ముందు తూకం అయిపోయిన ఇళ్ళకి మన డబ్బాలు పంపెయ్యొచ్చు. కాటా మన దగ్గరికి వచ్చేసరికి అటక ఖాళీ. ఇంత తెలివి ఉండీ నేను సంచులకు మాసికలు వేస్తూ కూర్చున్నానంటే నా జాతకం అలా ఉంది.

డిసెంబరు 19

తెలివి ఎక్కువైంది. ఇరవై మూడు దాకా ఆగలేక ఇవాళే పళ్ళేలు పంచడం మొదలుపెట్టాను. పండగ ముందు పంచితే ఏం, కాస్త చోటు కలిసొస్తుంది కదా అనుకున్నాను.

మా దగ్గర పళ్ళెం ఖాళీగా తిరిగి పంపకూడదు. పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతే. అయినా నా బుర్రకి తట్టలేదు.

అచ్చియ్యమ్మకి పళ్ళెం నిండా కజ్జికాయలు పంపితే అదే పళ్ళెంలో బూరెలు గోపురంగా పేర్చి పంపింది. ఖుర్షీద్ నా కజ్జికాయలకి బదులు గిన్నెడు సేమియా పాయసం పంపింది. పాయసం బరువెంతో మోసినవాళ్ళకి తెలుస్తుంది. పడమటింటి వాళ్ళు సున్నుండలు. ఆ పక్కవాళ్ళు ఉట్టినే పంపితే బాగుండదని అరటిపళ్ళు, పైన కొబ్బరికాయ. సాయంత్రానికి మా ఇల్లు పొద్దుటికన్నా బరువెక్కింది. రాత్రికి అచ్చియ్యమ్మ దోసె వేస్తే అది మా ఇంటి వైపే జారింది.

"అమ్మా, నువ్వు ఇంకెవరికీ ఏమీ పంపకు" అంది హెప్సిబా. అరవలేదు. అరిచినా బాగుండేది. పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

నేను అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్ళి, బదులు పంపొద్దే తల్లీ అని బతిమాలుకున్నాను.

"అంటే మా చేతి వంట మీ ఇంటికి పనికిరాదా దయామణీ?"

మళ్ళీ బతిమాలుకుని, తింటానని చెప్పి, ఇంకో పళ్ళెం బూరెలు తెచ్చుకున్నాను.

డిసెంబరు 22

లెక్క చూసుకున్నాం. డబ్బాలన్నీ బయటికి పోతే హద్దుకి ఒక గుప్పెడు లోపల ఉంటాం. ఒక్క డబ్బా మిగిలినా దాటుతాం. రేపు ఒక్కో ఇల్లు తూకం అవగానే అక్కడికి ఒక్కో పళ్ళెం పంపాలి. తూకం హడావిడిలో బదులు పంపడానికి వాళ్ళకి తీరిక ఉండదు. విల్సన్ చెప్పినమాట వినే మనిషి కనక వాడినే మోయమన్నాను. హెప్సిబా ఒక షరతు పెట్టింది: ఎవరింట్లోనూ లోపలికి వెళ్ళకూడదు, గుమ్మంలో పెట్టేసి పరిగెత్తుకు రావాలి.

డిసెంబరు 23

పొద్దున గురునాథాన్ని అందరి ముందూ తూశారు. అరవై ఎనిమిది. ఆ కాగితం కోటు మీద అంటించారు. మొదటి ఇల్లు అచ్చియ్యమ్మది. కాటా పైకి లేచింది, ఇల్లు హద్దులోనే ఉంది. నేను వెంటనే మొదటి పళ్ళెం పంపాను. తరవాత ఖుర్షీద్ ఇల్లు, తరవాత పడమటిల్లు. పళ్ళెం మీద పళ్ళెం పోతూనే ఉంది, అటక ఖాళీ అవుతూనే ఉంది. బదులు ఒక్కటీ రాలేదు. ఆఖరి కేకు కూడా బయటికి పోయాక హెప్సిబా చాలా రోజుల తరవాత నవ్వింది.

మధ్యాహ్నం దాటాక గురునాథం మా ఇంటికి వచ్చాడు. గుమ్మం ఎక్కుతూ ఆయాసపడ్డాడు. విల్సన్, హెప్సిబా, నేను ఇంటి మధ్యలో నిలబడ్డాం. పైన తాడు కిర్రుమంది. కాటా ముల్లు ఊగి ఊగి ఆగింది. ఆయన తన అరవై ఎనిమిదీ తీసేసి లెక్క చెప్పాడు.

"హద్దుకి రెండు కిలోలు పైన. ఇంకో నూట యాభై గ్రాములు."

నా చెవులు పనిచెయ్యలేదనుకున్నాను. మళ్ళీ చదివించాను. అదే.

"ఏమీ అనుకోకమ్మా. నియమం నియమమే. అందుకే చెప్తాను, నాలుకని అదుపులో పెట్టుకోవాలని" అన్నాడు.

విల్సన్ హెప్సిబా వైపు చూశాడు. "మూడేళ్ళే కదా. ఉత్తరాలు రాస్తాను" అన్నాడు. హెప్సిబా అతని చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. వాళ్ళిద్దర్నీ అలా చూడలేక నేను చూపు తిప్పుకున్నాను. తిప్పుకుంటే గురునాథం మొహం ఎదురైంది.

ఆయన మీసం మీద గసగసాలున్నాయి.

గాలిపేటలో కజ్జికాయల్లో గసగసాలు వేసేది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళకి నువ్వులు.

"గురునాథంగారూ, మీరు కాస్త మా చిన్న కాటా ఎక్కుతారా?"

"నేనెందుకమ్మా?"

"మీరూ మా ఇంట్లోనే ఉన్నారు కదా. ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ తూస్తారు కదా."

"నా బరువు పొద్దున చూశారు. కోటు మీద ఉంది."

"కోటు మీద ఉన్నది పొద్దుటిది. నేను అడుగుతున్నది ఇప్పటిది."

ఈ గొడవ విని వరస వరసంతా మా వసారా ముందుకి వచ్చింది. ఆయన ఎక్కనన్నాడు. హెప్సిబా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అది గాలిని చదివే పిల్ల, మనిషి ఎటు జారుకుంటాడో దానికి తెలీదా? ఇక తప్పక ఎక్కాడు. డెబ్భై కిలోల నాలుగు వందల గ్రాములు.

ముందుగా అచ్చియ్యమ్మ నోరు విప్పింది.

"మా ఇంట్లో తూకం అయ్యాక రెండు కజ్జికాయలు పెట్టాను. ఏమీ తీసుకోకుండా వెళ్తే ఎలా అని బలవంతం చేశాను. దయామణి పంపినవే, ఎదురుగా ఉన్నాయి మరి."

"మా ఇంట్లో గులాబీ పువ్వులు" అంది ఖుర్షీద్. "తిని, ఇంకో నాలుగు పొట్లం కట్టమన్నారు."

"మా ఇంట్లో కేకు."

"మా ఇంట్లోనూ కేకే. పెద్ద ముక్క."

కోటు జేబుల్లోంచి పొట్లాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కాగితాలు నాకు తెలిసినవే, లోపలి వంటలూ నాకు తెలిసినవే. పొద్దున్నుంచి నేను గడప దాటించిన బరువంతా ఒక మనిషిని చూసుకుని, ఆ మనిషి కాళ్ళ మీద నడిచి మళ్ళీ నా ఇంటికే వచ్చింది. బదులు పంపొద్దని బతిమాలుకున్న నాకు ఇంతకన్నా పెద్ద బదులు ఎవరు పంపగలరు?

గురునాథం తల వంచుకున్నాడు. ఉపన్యాసం ఇచ్చే గొంతు కాదది.

"పదేళ్ళుగా నాకెవరూ పెట్టలేదమ్మా. తిననని చెప్పాను కదా, ఇక ఎవరూ అడగడం మానేశారు. ఇవాళ అచ్చియ్యమ్మగారు తినమన్నారు. ఒక్కటి తిన్నాక వద్దనడం నా వల్ల కాలేదు."

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఎవరూ తినమని అడగని మనిషి ఈ పేటలో ఒకడున్నాడని నాకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు. అయితే జాలి వేరు, లెక్క వేరు. పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టాను.

"లెక్క మళ్ళీ వేయండి."

వేశాడు. పొద్దుటికీ ఇప్పటికీ ఆయన పెరిగింది తీసేస్తే మా ఇల్లు హద్దులోపల ఉంది, పావుకిలో తేడాతో. విల్సన్ పేరు మా ఇంటి మీద రాసి సంతకం పెట్టాడు. హెప్సిబా అప్పుడు ఏడ్చింది. మూడు వారాలుగా ఉడకబెట్టిన సొరకాయ మింగుతూ లోపల దాచుకున్నదంతా ఏడ్చేసింది. విల్సన్ ఏం చెయ్యాలో తెలీక దాని పక్కన నిలబడి భుజం నిమిరాడు.

వెళ్ళబోతున్న గురునాథానికి పొట్లాలు తిరిగి ఇచ్చేశాను. అవి ఆయనవే, మేము పెట్టినవి.

డిసెంబరు 25

పొద్దున ప్రార్థన అయ్యాక విల్సన్ తన ట్రంకు పెట్టె బరువని హాస్టల్లోనే వదిలేసి, భుజాన ఒక సంచితో మా ఇంటికి వచ్చాడు. పెళ్ళయ్యే దాకా వసారాలో పడుకుంటానన్నాడు. అతన్ని కూర్చోబెట్టి మొదటిసారి నా చేత్తో విస్తరి వేశాను. తూకం అయ్యాక పళ్ళేల్లో తిరిగొచ్చిన కేకు, కజ్జికాయలు, అచ్చియ్యమ్మ బూరెలు, ఖుర్షీద్ పాయసం.

"తిను బాబూ. ఇవాళ నిన్నెవరూ తూయరు."

విల్సన్ విస్తరి వైపు చూశాడు. తరవాత మెల్లిగా అడిగాడు.

"అత్తయ్యా, ఊళ్ళో అందరూ తీపే పెట్టారు. కాస్త వేడన్నంలో గోంగూర పచ్చడి వేస్తారా?"

నేను వేశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే మిరపకాయ ఘాటని చెప్పాను.

భోజనాలయ్యాక వాళ్ళిద్దరూ వసారాలో కూర్చుని కింద కనపడే సముద్రం చూస్తూ ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను గిన్నెలు కడుగుతున్నాను. వద్దనుకుంటూనే చెవి అటు పడింది. అమ్మాయి పుడితే ఏ పేరు, అబ్బాయి పుడితే ఏ పేరు అనుకుంటున్నారు. పెళ్ళింకా కాలేదు, వీళ్ళ తొందర చూడండి. నవ్వుకున్నాను. నవ్వుకుంటూ ఉండగా నా చేతిలో గిన్నె ఆగిపోయింది.

మా ఇంట్లో మిగిలిన చోటు పావుకిలో. పుట్టిన బిడ్డ మూడు కిలోలైనా ఉంటుంది.

మళ్ళీ తూకం వచ్చే డిసెంబరులో. ఇంట్లో తీసి పారేయడానికి ఇంక మంచం కోళ్ళు లేవు. హెప్సిబాకి తగ్గడానికి ఏమీ లేదు, ఆ పిల్ల ఇప్పటికే ఎముకల గూడులా ఉంది. విల్సన్ పంపు లాగేవాడు, వాడు తినాలి. ఇక ఉన్నది నేను.

చేతులు తుడుచుకుని వచ్చి ఆఖరి కజ్జికాయని చేతిలోకి తీసుకున్నాను. దాన్ని కాసేపు చూశాను. తిరిగి డబ్బాలో పెట్టి, వసారాలో కూర్చున్నవాళ్ళకి వినపడేటట్టు గట్టిగా అడిగాను.

"ఏమే హెప్సిబా, ఆ సొరకాయ ఎక్కడ పెట్టావు?"

వచ్చినవి: ఒక అల్లుడు. పోయినవి: ఇంకా ఏమీ లేవు. పోవలసింది: నా నుంచి మూడు కిలోలు.